కృష్ణా డెల్టాలో స్మార్ట్ కార్డులు

జేబులో పట్టే ప్లాస్టిక్ కార్డులో చిన్న చిప్ అమర్చి, ఆ కార్డు తెచ్చిన మనిషి అసలు హక్కుదారో కాదో తేల్చడానికీ, ఖాతా వివరాలు భద్రపరచడానికీ వాడే సాధనం స్మార్ట్ కార్డు. విజయవాడ, మచిలీపట్నం, గుడివాడ ప్రాంతాలకు ఇది బ్యాంకుల దారిన ఒక రకంగా, రేషన్, పింఛన్ల దారిన మరో రకంగా చేరింది.

చిప్ కార్డుకు జర్మనీలో హెల్ముట్ గ్రోట్రుప్, యుర్గెన్ డెట్లోఫ్ 1968లో పేటెంటు కోరారు. ఫ్రాన్సులో రొలాఁ మొరెనో 1974లో మరో పేటెంటు పొందాడు. అంతకుముందు నుంచీ ఉన్న అయస్కాంత పట్టీ కార్డును నకలు తీయడం సులువు. చిప్ అలా కాదు. తన రహస్య సంకేతాన్ని బయటపెట్టకుండానే ప్రతి లావాదేవీకీ కొత్త జవాబు లెక్కగట్టి ఇస్తుంది.

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చి దేశంలో ఆ దారి తొక్కిన తొలి బ్యాంకుల్లో ఒకటిగా నిలిచింది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. అయస్కాంత పట్టీ మాత్రమే ఉన్న పాత కార్డులను 2018 డిసెంబరు 31 నాటికల్లా మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించడంతో డెల్టా ఖాతాదారుల చేతికీ చిప్ కార్డులే వచ్చాయి.

ఇక రేషన్ దారి సంగతి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలయ్యాక రేషన్ కార్డు పేద కుటుంబానికి ప్రధాన గుర్తింపు పత్రమైంది. బోగస్ కార్డులను ఏరివేయడానికి 2000ల మధ్యలో కనుపాపల ముద్రలు తీసుకున్నారు.

అసలు చిప్‌ను పల్లెకు తెచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ ఉపాధి కూలి, పింఛన్ల చెల్లింపు కోసం చేపట్టిన స్మార్ట్ కార్డు పథకం. ఉపాధి హామీ పథకం కృష్ణా జిల్లాకు చివరి విడతలో, 2008 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికి రాష్ట్రంలో ఉపాధి కూలి సాధారణంగా పోస్టాఫీసులో, పింఛను పంచాయతీ సిబ్బంది చేతుల మీదుగా అందేవి. కొత్త పద్ధతిలో ఒక జిల్లాను ఒక బ్యాంకుకు అప్పగించారు. చెల్లించిన సొమ్ముపై బ్యాంకుకు 2 శాతం కమీషను. ఊళ్లో డబ్బు ఇచ్చే పని ఎక్కువగా చదువుకున్న డ్వాక్రా మహిళలది. ఊరి అధికారులకు చుట్టరికం ఉన్నవారిని ఆ పనికి తీసుకోకూడదన్న నిబంధన చాలా మేలైనది. కార్డు మీద ఫొటో ఉండేది. చిప్‌లో ఖాతా వివరాలు, పది వేళ్ల ముద్రలు ఉండేవి. యంత్రం ఆ పదింటిలో ఏదో ఒక వేలు అడిగి, కార్డులోని ముద్రతో పోల్చి, సరిపోతే రసీదు ఇచ్చేది. చదువురాని వారి కోసం కొన్ని యంత్రాలు మొత్తాన్ని తెలుగులో పైకి చెప్పేవి కూడా.

ఈ పథకాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ 8 జిల్లాల్లో లాటరీ పద్ధతిలో మండలాలను ఎంచి పరిశీలించారు. కృష్ణా వాటిలో లేదు. 2016లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వెలువడిన ఫలితాల ప్రకారం కూలి అందడంలో జాప్యం 29 శాతం, డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం 20 శాతం తగ్గాయి. కుటుంబాలకు ఉపాధి పనిపై వచ్చే ఆదాయం 24 శాతం పెరిగింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము 41 శాతం తగ్గింది. ప్రభుత్వ ఖర్చు పెరగకుండానే కూలీకి ఎక్కువ చేరడం ఇందులో గొప్ప విషయం. స్థానికంగా వచ్చిన ఫిర్యాదులతో 2013లో పథకాన్ని దాదాపు రద్దు చేయబోయారు. పాత పద్ధతి కంటే ఇదే నయమని లబ్ధిదారుల్లో 90 శాతం మంది సర్వేలో చెప్పడం దాన్ని నిలబెట్టడానికి తోడ్పడింది.

ఆధార్ విస్తరించాక చిప్‌తో పని తగ్గింది. ముద్రలు కార్డులో కాక దూరాన ఉన్న కంప్యూటర్లలో చేరాయి. కృష్ణా జిల్లా చౌక ధరల దుకాణాల్లో 2015లో వేలిముద్రను సరిచూసే ఈ-పోస్ యంత్రాలు పెట్టారు. కార్డు నంబరు కొట్టి వేలు పెడితేనే బియ్యం తూకం వేసేవారు. బోగస్ కార్డులకు ఇది గట్టి అడ్డుకట్టే. అయితే నాట్లు, కలుపులతో వేలి గీతలు అరిగిన కూలీలకూ వృద్ధులకూ ముద్ర పడకపోవడం, నెట్‌వర్క్ అందకపోవడం కొత్త కష్టాలయ్యాయి. చిప్ కార్డులో ఈ రెండో కష్టం చాలా తక్కువ, ఎందుకంటే పోల్చాల్సిన ముద్ర మనిషి చేతిలోనే ఉండేది. 2021 జనవరి 21న విజయవాడ బెంజి సర్కిల్ నుంచి బయల్దేరిన ఇంటింటి రేషన్ వాహనాలూ ఈ-పోస్ యంత్రాలతోనే నడిచాయి. 2025 జూన్ 1 నుంచి పంపిణీ మళ్లీ దుకాణాలకు మారింది.

2025 ఆగస్టు 25న పౌర సరఫరాల మంత్రి నాదెండ్ల మనోహర్ విజయవాడలో కొత్త స్మార్ట్ రేషన్ కార్డుల పంపిణీ ప్రారంభించారు. రాష్ట్రమంతటా సుమారు 1.45 కోట్ల కార్డులు ఇవ్వడం లక్ష్యం. ఏటీఎం కార్డు పరిమాణంలో ఉండే ఈ కార్డులో చిప్ లేదు, క్యూఆర్ కోడ్ ఉంది. దాన్ని స్కాన్ చేస్తే కుటుంబ వివరాలు తెర మీదికి వస్తాయి. కార్డుపై నాయకుల ఫొటోలు వేయకుండా ప్రభుత్వ చిహ్నం ముద్రించారు.