పడమటి గోడ లెక్క

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రభుత్వ భవనాలకు అద్దాలు బిగించాకే లోపల ఉడకడం మొదలైందని చాలామంది అంటారు. అది సగం నిజమే. ఈ మైదానంలోని కట్టడాలను నీడ లెక్కన చూస్తే, పొరపాటు అద్దం రాకముందే జరిగిందని తేలుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు కచేరీలు, కోర్టులు, మిషన్ కాలేజీలు దాదాపు ఒకే పద్ధతిలో లేచాయి. ఇటుకా సున్నంతో లావుపాటి గోడలు, ఎత్తైన కప్పు, వేడిగాలి పోయేందుకు కప్పు కింద చిన్న వెంటిలేటర్లు, చుట్టూ వసారా. వీటిలో అసలు పని వసారాది. గోడ ఎంత మందమైనా పొద్దంతా ఎండ తగిలితే రాత్రంతా ఆ వేడిని కక్కుతుంది. వసారా ఉన్నచోట ఎండ గోడ దాకా రాదు. ఇదేమీ దొరలు తెచ్చిన విద్య కాదు. తాటాకు ఇంటి చూరును మనిషి వంగి దూరేంత కిందికి దించింది వానజల్లు కోసమే కాదు, ఎండ కోసం కూడా. దొరతనం ఆ చూరును స్తంభాల మీదికెత్తి దానికి కచేరీ హోదా ఇచ్చింది. కక్షిదారులు పిలుపు కోసం కూర్చునే చోటూ అదే అయింది.

స్వాతంత్ర్యం తర్వాత సిమెంటు స్లాబులు వచ్చాయి. గోడ తొమ్మిది అంగుళాలకు చిక్కింది, వసారా కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్‌గా మిగిలింది. దీన్ని పిసినారితనం అని కొట్టిపారేయలేం. గుంటూరు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలోనూ, మళ్ళీ ఆగస్టు రెండో వారానికి కాస్త ముందూ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్య, రోహిణి కార్తెతో సహా, కొంచెం ఉత్తరానికే ఉంటాడు. డిసెంబరులో సైతం మిట్టమధ్యాహ్నం 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కనుక దక్షిణపు కిటికీకి రెండడుగుల పలక ఏడాదిలో చాలాకాలం సరిపోతుంది. అంతవరకు ఇంజనీరు లెక్క తప్పు కాదు. అదే పలకను నాలుగు దిక్కులకూ వేయడం దగ్గర దెబ్బతిన్నాడు. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు పడమటి సూర్యుడి ఎత్తు సుమారు 27 డిగ్రీలే. ఆ ఎండ నుంచి నాలుగడుగుల కిటికీని కాపాడాలంటే ఏడెనిమిది అడుగుల పలక కావాలి. అంత వెడల్పు పలకంటే వసారాయే! ఐదు దాటితే అదీ చాలదు. అందుకే పాతకాలంలో పడమటి వసారాకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. పల్నాటి పొడి వడగాలికి ఆ ఉపాయం బాగా పనిచేస్తుంది. చీరాల, బాపట్ల తీరంలో గాలిలోనే తేమ ఉంటుంది గనక అక్కడ నీడా సముద్రపు గాలీ తప్ప తడికతో ఒరిగేది తక్కువ.

అద్దం వచ్చేనాటికే పడమటి గోడ దిక్కులేనిదై ఉంది. అద్దం ఆ లోటును బయటపెట్టింది. లోపల కట్టిన పరదా దీన్ని తీర్చలేదు. పరదాను తాకేసరికే ఎండ అద్దం దాటి ఉంటుంది. అది వేడిగా మారితే ఆ వేడిని అద్దం తిరిగి సులువుగా బయటికి పోనివ్వదు. పూత పూసిన అద్దాలున్నాయిగా అంటే, ఉన్నాయి, మేలు కూడా చేస్తాయి. కానీ ముదురు పూత వేడితోపాటు వెలుతురునూ ఆపేసి పట్టపగలు లైట్లు వేయిస్తుంది. 2017 నాటి జాతీయ ఇంధన పొదుపు భవన నియమావళి కిటికీల వాటాను గోడ విస్తీర్ణంలో 40 శాతానికి పరిమితం చేసింది ఊరికే కాదు. అసలు కిటికీలే తగ్గించరాదా అనేవారికి గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలే జవాబు. అక్కడ కిటికీ లేకపోవడమే మంచిది, వెలుతురు తగిలితే కాయ రంగు వెలుస్తుంది. ఫైలు చదివే గుమాస్తాకు ఆ చీకటి కుదరదు. ఇక ఏసీ ఉండగా ఈ గొడవంతా ఎందుకనే వాదన ఒకటుంది. ఏసీ కోర్టు హాల్లో ఉంటుంది, జనం వేచి ఉండే నడవాలో సాధారణంగా ఉండదు. పైగా ఆపని ఎండంతా కరెంటు బిల్లుగా తిరిగొస్తుంది.

అమరావతి హైకోర్టుకు ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ అనే వాస్తుశిల్ప సంస్థ ఇచ్చిన నమూనాను ఈ లెక్కతోనే చూడాలి. స్తూపాన్ని తలపించే మెట్ల కప్పు, బయటికి బాగా చొచ్చిన అంచులు, జనం తిరిగే భాగాలు బయటి వలయాల్లో, ప్రధాన న్యాయమూర్తి కోర్టు నడిమధ్యన. స్తూపం పోలిక గురించి చాలా మాట్లాడారు గానీ నాకు ముఖ్యమనిపించేది ఆ అంచే. చండీగఢ్ హైకోర్టుకు వాస్తుశిల్పి లె కార్బూజియే ముఖమంతా కాంక్రీటు ఎండమరుగులు పెట్టాడు. అయినా ఒకటో నంబరు కోర్టు ముందు వసారా కట్టాలని ఆ హైకోర్టే 2024లో ఆదేశించింది. ప్రపంచ వారసత్వ కట్టడమన్న అభ్యంతరం వచ్చినా 2025లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది. అమరావతిలో అంచు ముందే నమూనాలో ఉంది కాబట్టి ఆ తగాదా రాకపోవచ్చు. అయితే ఎంత పెద్ద అంచైనా ఐదు దాటాక పడమటి ఎండను ఆపలేదు. ఆ వైపు అద్దానికి బయట, ఎండను బట్టి తిప్పుకోగలిగిన నిలువు పలకలు ఉండాలి. ఖర్చు తగ్గించాలన్నప్పుడు మొదట కొట్టేసేది వాటినే.