మూలికా పానీయాలు, మూగ లేబుళ్లు

అలసటను మరిపించే ఆకో గింజో దొరకని నేల దాదాపు లేదు. ఆండీస్ కొండల్లో కోకా ఆకు బుగ్గన పెట్టుకున్నారు. పశ్చిమ ఆఫ్రికాలో కోలా గింజ కొరికారు. అమెజాన్ అడవుల్లో సతేరే-మావే తెగవాళ్లు గ్వరానా గింజలను వేయించి, దంచి, ముద్ద చేసి, కడ్డీలుగా ఆరబెట్టుకునేవారు. కావలసినప్పుడు పిరారుకు అనే పెద్ద చేప ఎండు నాలుక మీద ఆ కడ్డీని అరగదీసి, నీళ్లలో కలుపుకుని తాగేవారు. దక్షిణ థాయ్‌లాండ్, మలేసియాల్లో కూలీలు, రైతులు క్రాటం ఆకు నమిలి మండుటెండలో పనికి దిగేవారు. ఈ వాడకాలన్నిటిలో మోతాదుకు ఒక హద్దు దానంతటదే ఏర్పడింది. ఆకు చేదు, గింజ వగరు. మనిషి ఎంత నమలగలడో అంతే ఒంట్లోకి పోతుంది. అప్పుడు కూడా అలవాటు పడినవాళ్లు లేకపోలేదు. కానీ ఆకు సారాన్ని తీసి, తీపి కలిపి, సీసాలో పోసి, పైన కాగితం అంటించిన నాటి నుంచి లోపల ఏది ఎంత ఉందో అమ్మేవాడికి తప్ప తాగేవాడికి తెలియకుండా పోయింది.

ఈ వ్యాపారానికి తొలి పెద్ద ఉదాహరణ పారిస్‌లో 1863లో వచ్చిన వాన్ మారియానీ. ఆంజెలో మారియానీ అనే కోర్సికా మందుల వ్యాపారి బోర్డో ద్రాక్షసారాలో కోకా ఆకులు నానబెట్టి దాన్ని తయారుచేశాడు. సారాలోని ఆల్కహాల్ ఆకులోని కొకైన్‌ను లాగేసుకునేది. పోప్ పదమూడవ లియో ఆ పానీయాన్ని మెచ్చి బంగారు పతకం ఇచ్చారు. ప్రచారానికి అంతకంటే ఏం కావాలి? అమెరికాలో జాన్ పెంబర్టన్ దీన్ని చూసే 1885లో ఫ్రెంచ్ వైన్ కోకా తెచ్చాడు. ఆయన అట్లాంటా మందుల దుకాణదారు, అంతర్యుద్ధంలో 1865లో తగిలిన గాయం వల్ల మార్ఫిన్‌కు బానిసైనవాడు. 1886లో అట్లాంటాలో మద్యనిషేధం రావడంతో సారా స్థానంలో చక్కెర పాకం పోశాడు. అదే కోకా-కోలా. మొదట్లో దాన్ని అమ్మింది మెదడుకు బలమిచ్చే టానిక్‌గానే. 1903 ప్రాంతానికి కొకైన్‌ను దాదాపుగా తీసేశారు గాని, అప్పటిదాకా అది ఉందన్న సంగతి సీసా మీద లేదు. చెప్పాలని ఏ చట్టమూ అడగలేదు.

ఆ చట్టం 1906లో వచ్చింది. అంతకు ముందు ఏడాది కోలియర్స్ వారపత్రికలో శామ్యూల్ హాప్‌కిన్స్ ఆడమ్స్ వరసగా రాసిన వ్యాసాలు టానిక్ వ్యాపారుల గుట్టు బయటపెట్టాయి. ప్రభుత్వ రసాయనశాస్త్రవేత్త హార్వే వైలీ ఏళ్ల తరబడి చట్టం కోసం పోరాడుతూనే ఉన్నాడు. 1906 జూన్ 30న సంతకం పడిన ఆహార, ఔషధ చట్టం ఏ మత్తుపదార్థాన్నీ నిషేధించలేదు. ఆల్కహాల్, నల్లమందు, మార్ఫిన్, కొకైన్, హెరాయిన్, గంజాయి, క్లోరల్ హైడ్రేట్ వంటి కొన్ని పదార్థాలుంటే వాటి పేరు, పరిమాణం లేబుల్ మీద రాయమంది, అంతే. రాయడం ఇష్టంలేని తయారీదారులు చాలామంది ఆ సరుకునే తీసేశారు. లేబుల్‌కు ఉన్న బలం ఎంతటిదో ఆనాడే తేలింది.

ఆ పట్టికలో కెఫీన్ లేదు. వైలీ 1909లో టెనెసీ రాష్ట్రంలో నలభై పీపాల కోకా-కోలా పాకాన్ని పట్టించి, అందులో కలిపిన కెఫీన్ ఆరోగ్యానికి హానికరమని కేసు పెట్టించాడు. 1911లో చట్టనూగాలో విచారణ జరిగింది. కంపెనీ తరఫున హ్యారీ హాలింగ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కెఫీన్ ప్రభావం మీద ప్రయోగాలు చేసి సాక్ష్యం చెప్పాడు. 1916లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ తగవు చివరకు కంపెనీ కెఫీన్‌ను తగ్గించడంతో ముగిసింది. ఎంత ఉందో సీసా మీద రాయాలన్న నియమం మాత్రం రాలేదు. తరువాతి నూరేళ్ల గందరగోళానికి బీజం ఇక్కడే పడిందనవచ్చు.

ఆ పట్టికలోని క్లోరల్ హైడ్రేట్ తెలంగాణవాళ్లకు వేరే దారిన పరిచయమైంది. కల్తీ కల్లులో మత్తు కోసం కలిపేది దాన్నే. తరువాత డయాజిపాం, అల్ప్రజోలం దానికి తోడయ్యాయి. తాగేవాడు మాత్రం తాటిచెట్టు, ఈతచెట్టు ఇచ్చిందే తాగుతున్నానని అనుకుంటాడు. 2015లో ప్రభుత్వం కల్తీ మీద దాడులు పెంచి సరఫరా ఆపేసరికి నిజామాబాద్ వంటి జిల్లాల్లో వందలమంది వణుకు, మూర్ఛలు, మతి తప్పిన మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. అది శక్తి పానీయం కాదు, దానికి లేబులే లేదు. అయినా, చెట్టు నుంచి వచ్చిందన్న నమ్మకం చాటున గుర్తు తెలియని మందుకు ఒళ్లు ఎలా లొంగిపోతుందో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ తెలుగునాట లేదు.

శక్తి పానీయం అనే ఆధునిక సరుకు పుట్టింది జపాన్‌లో. తైషో కంపెనీ 1962లో లిపోవిటాన్-డి అనే టానిక్‌ను చిన్న గోధుమరంగు సీసాల్లో తెచ్చింది. థాయ్‌లాండ్‌లో చలియో యూవిద్య తయారుచేసిన క్రాటింగ్ డేంగ్ లారీ డ్రైవర్లు, కూలీల పానీయమైంది. ఆస్ట్రియాకు చెందిన డీట్రిష్ మాటెషిట్జ్ దాన్ని మార్చి 1987లో రెడ్ బుల్ పేరుతో యూరప్‌లో అమ్మాడు. ఆ విజయం చూసి వచ్చిన పోటీ పానీయాలు గ్వరానా, జిన్‌సెంగ్, యెర్బా మాతే వంటి పేర్లను డబ్బాల మీదికి ఎక్కించాయి. చిక్కు గ్వరానాతోనే. దాని గింజలో కెఫీన్ కాఫీ గింజలోకంటే రెండింతలో, అంతకు మించో ఉంటుంది. లేబుల్ మీద మాత్రం అది మూలికగానే కనిపిస్తుంది. విడిగా కలిపిన కెఫీన్ లెక్క చూసుకున్నవాడు గ్వరానా తెచ్చిన కెఫీన్‌ను లెక్కలోకి తీసుకోడు. రోజూ తాగి ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు, నీరసం పట్టుకుంటాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి తన రోగనిర్ధారణ గ్రంథంలో దీన్ని ఒక రుగ్మతగా చేర్చింది. కెఫీన్ లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటే పానీయాల మీద హెచ్చరికతో పాటు పరిమాణం కూడా రాయాలని 2014 డిసెంబరు నుంచి ఐరోపా సమాఖ్య నిబంధన పెట్టింది. భారత ఆహార భద్రతా సంస్థ కెఫీన్ పానీయాలకు లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల హద్దు గీసింది.

అమెరికా ఈలోగా ఎదురుదారి పట్టింది. 1994 అక్టోబరులో వచ్చిన ఆహార అనుబంధాల చట్టం మూలికా సరుకుల తయారీదారులకు గొప్ప వెసులుబాటు ఇచ్చింది. అమ్మకముందు భద్రత నిరూపించే పని లేదు. హాని ఉందని నిరూపించే భారం ప్రభుత్వానిదే. పైగా కొన్ని పదార్థాలను కలిపి సొంత మిశ్రమం అని పేరు పెడితే, మొత్తం బరువు రాస్తే చాలు, ఏది ఎంతో చెప్పనక్కర్లేదు. 1906లో గెలుచుకున్నదాన్ని 1994లో వదులుకున్నట్టయింది.

ఫలితం ఎఫెడ్రా విషయంలో కనబడింది. చైనా వైద్యంలో మా హువాంగ్ పేరుతో ఉబ్బసానికి, జలుబుకు వాడే పొద ఇది. అందులోని ఎఫెడ్రిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. దానికి గ్వరానా కెఫీన్ జోడించి బరువు తగ్గడానికి, శక్తి పెరగడానికి అమ్మారు. బాల్టిమోర్ ఓరియోల్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు స్టీవ్ బెక్లర్ 23 ఏళ్ల వయసులో, 2003 ఫిబ్రవరి 17న, సాధన సమయంలో తగిలిన వడదెబ్బతో చనిపోయాడు. అందులో ఎఫెడ్రా పాత్ర కూడా ఉందని శవపరీక్ష చేసిన వైద్యుడు చెప్పాడు. 2004 ఏప్రిల్ నుంచి నిషేధం అమలైంది. నిషేధం పడింది ఒక మొక్క మీదే. చేదు నారింజ సారం వెంటనే దాని చోటు ఆక్రమించింది.

ఆ తరువాతి వంతు క్రాటానిది. కాఫీ, మన కడిమి చెట్టు ఏ కుటుంబంలో ఉన్నాయో ఇదీ అదే కుటుంబంలోది. దాని ఆకులోని ముఖ్య ఆల్కలాయిడ్ మిట్రాజైనైన్‌ను 1921లో ఎడిన్‌బరోలో ఎలెన్ ఫీల్డ్ వేరుచేశారు. కొద్దిగా తీసుకుంటే హుషారు, ఎక్కువైతే నల్లమందు పని. మెదడులో మార్ఫిన్ ఏ గ్రాహకాలను పట్టుకుంటుందో ఇదీ వాటినే పట్టుకుంటుంది. అందుకే రోజూ వాడినవాడు మానితే ఒళ్లునొప్పులు, చెమటలు, నిద్రలేమి తప్పవు. థాయ్‌లాండ్ 1943లో ఈ చెట్టును నిషేధించింది; నల్లమందు పన్ను ఆదాయానికి గండి పడుతోందన్నది దానికి చెప్పే కారణం. 2021 ఆగస్టులో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది.

అదే ఆకు అమెరికాలో పొడిగా, మాత్రలుగా, గాఢ సారంగా అమ్ముడైంది. మత్తుపదార్థాల నిఘా సంస్థ 2016 ఆగస్టులో దాన్ని నిషేధిస్తామని ప్రకటించి, ప్రజల నిరసనతో అక్టోబరులో వెనక్కి తగ్గింది. నొప్పికి, నల్లమందు వ్యసనం మానడానికి ఇదే ఆధారమని చాలామంది వాదించారు. వాళ్ల మాటను పూర్తిగా కొట్టిపారేయలేము. 2016 జూలై నుంచి 2017 డిసెంబరు వరకు నమోదైన 27,338 అధిక మోతాదు మరణాలను పరిశీలిస్తే 152 మందిలో క్రాటం కనిపించింది, 91 మంది విషయంలో దాన్ని మరణకారణాల్లో ఒకటిగా రాశారు. చాలామందిలో ఇతర మత్తుమందులు కూడా ఉన్నాయి. 2018లో క్రాటం సరుకుల్లో చేరిన సాల్మొనెల్లా 41 రాష్ట్రాల్లో 199 మందిని జబ్బుపరిచింది.

శక్తి పానీయాల వరసలోకి క్రాటాన్ని తెచ్చింది ఫీల్ ఫ్రీ అనే చిన్న నీలి సీసా. అందులో పసిఫిక్ దీవుల కావా వేరుతో పాటు క్రాటం ఆకు కూడా ఉంది. మద్యానికి బదులుగా, అలసట తీర్చే సహజ టానిక్‌గా దాన్ని ప్రచారం చేశారు. రెండు ఔన్సుల సీసాలో రెండు మోతాదులని లేబుల్ అంటుంది. మూత తీసిన గుక్కెడు టానిక్‌లో సగం ఎవరు దాచుకుంటారు? గ్యాస్ స్టేషన్లలో గల్లాపెట్టె పక్కనే ఇది ఉండేది. ఆ దుకాణాల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఇటువంటి సీసాలు కొత్తేమీ కాదు. క్రాటం సంగతి, వ్యసనం ముప్పు సరిగా చెప్పలేదంటూ 2023లో కాలిఫోర్నియాలో వినియోగదారుల తరఫున దావా పడింది. తయారీదారు బొటానిక్ టానిక్స్ 87.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. అలవాటు పడే ప్రమాదం గురించిన హెచ్చరిక సీసా మీదికి ఎక్కింది, ఆలస్యంగా.

ఈలోగా సరుకు మరో మెట్టు ఎక్కింది. ఆకులో అత్యల్పంగా ఉండే 7-హైడ్రాక్సీమిట్రాజైనైన్‌ను గాఢంగా చేసి మాత్రలు, గుక్కెడు సీసాలు అమ్మడం మొదలైంది. 2025 జూలై 29న అమెరికా ఆహార, ఔషధ సంస్థ దాన్ని నియంత్రిత పదార్థాల్లో చేర్చమని సిఫార్సు చేసింది. సహజమైన ఆకు ఆ సిఫార్సులోకి రాలేదు. యూటా 2019లో లేబుల్ నిబంధనలతో సొంత చట్టం చేసుకుంది, అలబామా, ఇండియానా వంటి రాష్ట్రాలు పూర్తిగా నిషేధించాయి. కేంద్ర సంస్థ మాత్రం క్రాటాన్ని ఆహార అనుబంధంగా అమ్మడమే చట్టసమ్మతం కాదంటుంది. చట్టసమ్మతం కాని సరుకుకు లేబుల్ ప్రమాణం రాయదు. కాబట్టి చాలా రాష్ట్రాల్లో క్రాటం బహిరంగంగా అమ్ముడవుతున్నా, సీసాలో ఆల్కలాయిడ్ ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చెప్పాలన్న దేశవ్యాప్త నియమం అక్కడ లేదు.