ఛాయాచిత్ర వివరలేఖన చరిత్రము

గ్రంథమును వ్రాసి ముగించిన లేఖకుఁడు తుదిని సంవత్సర మాస తిథి వారములను, ఊరిపేరును, తన పేరును వ్రాయుట మన తాళపత్రప్రతులయందుఁ గానవచ్చు నాచారము. ఆ నాలుగు పంక్తులును గ్రంథభాగములు గావు; గ్రంథమునుగుఱించి చెప్పునవి. అవి యున్న ప్రతికిఁ గాలనిర్ణయము సులభము. లేనిదానికి లిపిని, భాషను బట్టి యూహింపవలసినదే. ఛాయాచిత్రమునకును నిట్టి వ్రాఁత యావశ్యకము. చిత్రము ముఖమును జూపునేగాని పేరు చెప్పదు. భవనమును జూపునేగాని యూరును, దినమును జెప్పదు. చిత్రముతోఁ గూడియుండు నీ వివరమునకు నేఁడు మెటాడేటా యని పేరు. కెమెరానుండి చిత్రములను గంప్యూటరులోనికి దిగుమతిచేయు ప్రోగ్రాములు ఈ వ్రాఁతకుఁ జోటు గల్పించిన విధము, ఆ విధ మేర్పడిన క్రమము నిందు విచారింపఁబడుచున్నవి. వివరమును ఎవరు, ఎప్పుడు, ఎక్కడ వ్రాయవలెనను ప్రశ్నచుట్టును ఈ చరిత్రమంతయుఁ దిరిగినది.

గాజుపలకల కాలమున నీ ప్రశ్నకు సమాధానము మన దేశముననే కలదు. లాలా దీన్‌దయాళు (1844–1905) ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుఁడై సికింద్రాబాదునఁ జిత్రశాల నడపెను. ఆయన చిత్రములు పెక్కింటియందు సంఖ్యయు, స్థలనామమును, ఆయన పేరును నెగెటివుమీఁదనే వ్రాయఁబడి, కాగితముపైఁ దీసిన ప్రతియందుఁ గూడఁ గానవచ్చును. పలకనుండి యెన్ని ప్రతులు తీసినను వ్రాఁత వానిని వీడదు. వివరమును వేఱొక పుస్తకమున వ్రాసి, పలకకు సంఖ్య మాత్రము వేయు పద్ధతియు లోకమునఁ గలదు. కాని యట్టిచోఁ బుస్తకము పోయినప్పుడు సంఖ్య యర్థహీనమగును. చిత్రమును, దాని వ్రాఁతయు నొకచోటనే యుండవలెనను న్యాయము కంప్యూటరునకు శతాబ్దమునకుఁ బూర్వమే తెలిసియున్నది.

వ్రాయు సమయమునుగుఱించి విచారించినవారు అమెరికావారు. 1914లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ ఆటోగ్రాఫిక్ కెమెరాలను వెలువరించెను. ఈ పద్ధతిని గల్పించినవాఁడు హెన్రీ గైస్మన్. అతనికి సంస్థ యిచ్చిన మూల్యము 3,00,000 డాలర్లు. కెమెరా వెనుక నొక చిన్న తలుపు; ఫిల్మునకును దాని వెనుకఁగల కాగితమునకును నడుమఁ బలుచని మసికాగితము. చిత్రము తీసినవెంటనే తలుపు తెఱచి లోహపుఁబుల్లతో వ్రాసి, కొన్ని క్షణములు వెలుతురునకుఁ జూపినచో నా యక్షరములు రెండు చిత్రముల నడుమనున్న వట్టిచోటఁ బడును. ఆటోగ్రాఫిక్ ఫిల్ము 1932లో నిలిచిపోయినది. దాని మూలసూత్రము మాత్రము పోలేదు. విషయము జ్ఞాపకమున నున్నప్పుడే వ్రాయుటకుఁ జోటు చేతికందవలెను. తరువాత వ్రాయుదమనుకొన్నది తఱచుగా వ్రాయఁబడదు.

డిజిటల్ కెమెరా వచ్చినపిదప వ్రాఁతలోఁ గొంతభాగము యంత్రమే పూనుకొన్నది. 1995లో జపానుదేశపు ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘము ఎక్సిఫ్ అను నియమావళిని బ్రకటించెను. దాని ప్రకారము చిత్రము తీసిన దినము, గంట, నిమిషము, సెకండు, కెమెరా పేరు, కటకపు వివరములు ఫైలులోనే చేరుచున్నవి. అయినను నీ వ్రాఁత యెంత నిశితమో యంత యసంపూర్ణము. గడియారము చూపిన కాలమును వ్రాయునేగాని యది యే దేశపు కాలమో వ్రాయుటకు 2016లో వెలువడిన 2.31 సంచికవఱకును దానియందు స్థిరమైన చోటు లేదు. శకవర్షము చెప్పక ప్రభవాది నామముమాత్రము వ్రాసిన లేఖకుని ప్రతియందు అఱువదియేండ్ల సందేహము మిగులును. ఇచట సందేహము గంటలలో మిగులును. తిథి తెలిసియుఁ గాలము తెలియకుండుట రెండింటికిని సమానము. అదిగాక, చిత్రమునఁ గనఁబడు మనుష్యుఁ డెవఁడో గడియారమునకుఁ దెలియదు. పేరు వ్రాయవలసినవాఁడు మనుష్యుఁడే.

మనుష్యుఁడు వ్రాయు వివరములకుఁ గ్రమ మేర్పఱచినవి వార్తాసంస్థలు. ఒక పట్టణమునఁ దీసిన చిత్రము కొన్ని నిమిషములలో ననేక దేశముల పత్రికలకుఁ జేరవలెను. పేరు తప్పినచో నా తప్పు ముద్రితమగును. 1965లో స్థాపితమైన అంతర్జాతీయ పత్రికా తంత్రీవార్తా మండలి, సంక్షేపమున ఐ.పి.టి.సి., 1990వ దశకారంభమున శీర్షిక, వివరణ, ఛాయాగ్రాహకుని పేరు, పట్టణము, దేశము, సూచకపదములు మున్నగువానికి వేఱువేఱు గడుల నేర్పఱచెను. ఆ దశకమధ్యమున అడోబి ఫోటోషాప్ ఈ గడులను జిత్రపు ఫైలులోఁ జేర్చుకొన్నపిదప వార్తాలయములు వెలుపలివారికిని నివి పరిచితములైనవి. 2008లో వెలువడిన విస్తరణమునఁ జిత్రము తీసిన స్థలమును, చిత్రమునఁ గనఁబడు స్థలమును వేఱుచేయఁబడినవి. రాజమహేంద్రవరపు రేవునందు నిలిచి గోదావరి కావలి యొడ్డుననున్న కొవ్వూరును జిత్రించినచో నీ భేదము తేటపడును. ఒక్క గడియే యున్ననాఁడు ఒకఁడు మొదటి యూరును, వేఱొకఁడు రెండవ యూరును వ్రాసి, వెదకువానిని మోసపుచ్చుచుండిరి.

గడు లున్నంతమాత్రమున వానిని నింపువారుండరు. ఒక క్రీడాదినమున వేయి చిత్రములు తీసినవాఁడు వేయిమాఱు లూరిపేరు వ్రాయఁడు. 1998లో కెమెరా బిట్స్ సంస్థ వెలువరించిన ఫోటో మెకానిక్ ఈ కష్టమును దిగుమతివేళనే తీర్పఁ బూనుకొన్నది. కార్డునుండి చిత్రములు కంప్యూటరునకుఁ జేరునప్పుడే, ముందుగా నింపిన పత్రమొకటి యన్నిటికి నొక్కమాఱుగా వర్తించును. ఛాయాగ్రాహకుఁడు, పట్టణము, సందర్భము, హక్కుదారుఁడు ఈ సామాన్యవివరములు. ఫలానావాఁడు ఫలానాపని చేయుచున్నాఁడను విశేషవివరము తరువాత నొక్కొక్క చిత్రమునకు వ్రాయఁబడును. ఆ విశేషమునకును బొట్టిగుఱుతు లున్నవి: ఆటగాని సంఖ్యను నియమితచిహ్నముల నడుమ వ్రాసినచో, ముందు సిద్ధపఱచిన పట్టికనుండి యతని పూర్ణనామము వచ్చి నిలుచును. 2007లో వెలువడిన అడోబి లైట్‌రూమ్ ఈ క్రమమునే సామాన్యజనులకు నందుబాటు చేసినది. దాని దిగుమతి తెఱయందు నమూనాపత్రమునకును, సూచకపదములకును జోటు కలదు.

ఈ సౌకర్యముతోనే క్రొత్త యపాయమును బుట్టినది. చేతితో నొక్కొక్కటిగా వ్రాయువాని తప్పు ఒక చిత్రమునకే సోఁకును. పత్రముతో వ్రాయువాని తప్పు వేయింటికిని వ్యాపించును. నిన్నటి పత్రము నేఁడును దెఱపై నట్లే నిలిచియున్నచో నేఁటి వివాహచిత్రములకు నిన్నటి సభపేరు పడును. వట్టి గడికిని రెండర్థములు గలవు: ‘ఉన్నదాని నట్లే యుంచుము’ అని యొకటి, ‘ఉన్నదానిని దుడిచివేయుము’ అని యొకటి. ఈ రెంటిని స్పష్టముగా వేఱుచేయని ప్రోగ్రాము, పూర్వమెవరో శ్రమించి వ్రాసిన వివరమును జప్పుడులేక పోఁగొట్టును. మూలప్రతియందలి పంక్తిని గీఁకివైచి తన పంక్తిని వ్రాయు లేఖకునికంటె నిది తక్కువ యపరాధముగాదు. కాఁబట్టి యెన్ని చిత్రములకు, ఏ గడులలో, ఏ మార్పు జరుగనున్నదో దిగుమతికి ముందే చూపుట యుత్తమమైన రచనాక్రమము.

తెలుఁగువారికి వేఱొక చిక్కుఁ గూడఁ గలదు. పూర్వపు ఐ.పి.టి.సి. నియమములు గడుల పొడవును బైట్లలోఁ గొలిచినవి. పట్టణపు గడికి 32, ఛాయాగ్రాహకుని పేరునకు 32, సూచకపదమునకు 64 బైట్లు. రోమను లిపియందు వర్ణమున కొక బైటు చాలును. 1991లో యూనికోడునందుఁ జేరిన తెలుఁగువర్ణములు యు.టి.ఎఫ్.-8 పద్ధతియందు ఒక్కొక్కటి మూఁడు బైట్లు కోరును. గుణితపు గుఱుతునకును, పొల్లునకును వేఱువేఱుగా మూఁడేసి. ‘కొవ్వూరు’ అను పేరు 24 బైట్లతో నిముడును. ‘రాజమహేంద్రవరము’ 42 కోరును. ఆ పరిమితిని యథావిధిగాఁ బాటించు ప్రోగ్రాము ‘రాజమహేంద్ర’ వఱకు నుంచి తక్కినదానిని గోసివేయును. వకారపు ముక్క యొకటి పఠింపరానిదై చివర మిగులవచ్చును. ఎక్సిఫునందలి వివరణపు గడి యాస్కీ వర్ణములకే యేర్పడినది, యు.టి.ఎఫ్.-8 వ్రాఁతకు దానిలోఁ జోటు 2023 నాఁటి 3.0 సంచికతోఁ గాని రాలేదు.

ఈ బంధమును జాలవఱకుఁ ద్రెంచినది 2001లో అడోబి ప్రకటించిన ఎక్స్.ఎం.పి. పద్ధతి. 2012లో నిది అంతర్జాతీయ ప్రమాణమైనది. దీనియందు బైట్ల సంకోచము లేదు. వివరణమును భాషాభేదముతోఁ బలుమాఱులు వ్రాయవచ్చును. ఒకే చిత్రమునకుఁ దెలుఁగు వివరణమును, నాంగ్లవివరణమును నేకకాలమున నుండవచ్చును. అయినను బెక్కు ప్రోగ్రాముల దిగుమతిపత్రమున వివరణమున కొక్క గడియే కనఁబడును. ప్రమాణ మంగీకరించిన రెండవభాషకుఁ దెఱపైఁ జోటు లేనిచో వ్రాయువాఁ డది యున్నదని యెఱుఁగఁడు.

వ్రాసిన వివరము నిలుచుటయు నిశ్చితము గాదు. కొన్ని ప్రోగ్రాములు దానిని జిత్రపు ఫైలులోనే యుంచును. కొన్ని పక్కన వేఱొక చిన్న ఫైలున నుంచును. కొన్ని తమ సూచికయందు మాత్ర ముంచును. పక్కఫైలు విడిపోయినచోఁ బూర్వము పుస్తకము పోయిన గాజుపలక గతియే పట్టును. ఐ.పి.టి.సి. 2013లోఁ జేసిన పరీక్షయందుఁ గొన్ని సామాజిక మాధ్యమములు తమకుఁ జేరిన చిత్రములనుండి వివరములను దొలఁగించుచున్నట్లు తేలినది.

దీనినిబట్టి చూడఁగా దిగుమతిపత్రమును రచించువాని కర్తవ్యము స్పష్టము. యంత్ర మెఱిఁగినదానిని యంత్రముచేతనే వ్రాయింపవలెను. సామాన్యమును ఒక్కమాఱు వ్రాయించి విశేషమునకుఁ దీరిక మిగుల్పవలెను. వట్టి గడి యర్థమును దాఁచరాదు. వ్రాయువాని భాషను గోయరాదు. వ్రాఁతను జిత్రమునుండి విడఁదీయరాదు. కుటుంబచిత్రమున మూఁడవవరుస నిలిచిన ముసలామె పేరు ఏ కటకమును వ్రాయఁజాలదు. ఆ పేరు తెలిసినవారు గతించినపిదప నే ప్రోగ్రామును దానిని మరలఁ దేఁజాలదు. అది తెలిసినవారు చిత్రమును జూచుచుండఁగానే యడుగుటకును, అడిగి వ్రాయుటకును దిగుమతివేళ తగిన యదను.