యంత్రం ఆగాక మిగిలే గంటలు

డయాలసిస్‌తో బతికి బయటపడిన మొదటి మనిషి ఒక స్త్రీ. 1945లో నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో విలెమ్ కోల్ఫ్ తయారుచేసిన కృత్రిమ మూత్రపిండం 67 ఏళ్ల సోఫియా షాఫ్‌స్టాట్‌ని బతికించింది. ఆమె కిడ్నీలు తర్వాత కోలుకున్నాయి. శాశ్వతంగా పాడైనవాళ్లు ఏళ్ల తరబడి బతకడం మాత్రం 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాలకు గొట్టం అమర్చి ఉంచే పద్ధతి కనిపెట్టాకే సాధ్యమైంది.

అప్పుడు యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. అందులో ఉన్న ఒకే ఒక్క స్త్రీ గృహిణి. పెళ్లి, ఆదాయం, ఉద్యోగం, చర్చికి వెళ్లే అలవాటు అన్నీ తూకం వేశారని 1962లో లైఫ్ పత్రికలో రాసింది షానా అలెగ్జాండర్ అనే పాత్రికేయురాలు. ఇంటిచాకిరీ ఆ తక్కెడలో ఎంత తూగి ఉంటుంది?

ప్రాణం దక్కాక ప్రాణంతోపాటు ఉండే బాధల చరిత్ర మొదలైంది. దురద, వికారం, పిక్కలు పట్టెయ్యడం, నీరసం. చేవెళ్ల వైపు ప్రొద్దుటూరు నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే నాకు ఇవన్నీ తెలిసినవే. యంత్రం పనిచేసేది 12 గంటలు. మిగతా 156 గంటలు వంటింటి లెక్కలే. కూరగాయలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేస్తే పొటాషియం తగ్గుతుంది. ఊరగాయ, కొబ్బరినీళ్లు మానాలి. రోజుకిన్ని అని కొలిచిపెట్టుకున్న నీళ్లనే గుక్కలుగా తాగాలి. భర్త రోగి అయితే ఈ లెక్కలు భార్య చూస్తుంది. నా చప్పిడి కూర పక్కనే ఇంటిల్లిపాదికీ కారం కూర నేనే వండుతాను.

మా నీరసానికి కారణం రక్తహీనత. 1989లో అమెరికాలో ఎరిత్రోపోయెటిన్ ఇంజక్షన్‌కి అనుమతి వచ్చేదాకా చాలామందికి రక్తం ఎక్కించడమే దారి. ఆడవాళ్ల అలసటని బద్ధకమనే ఇళ్లలో ఆ అలసటకి ఒక వైద్య నామం దొరకడం చిన్న సంగతి కాదు.

మన ఉద్దానంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కొబ్బరి, జీడి తోటల మధ్య దశాబ్దాలుగా ఈ జబ్బు ఉంది. షుగరూ బీపీ లేనివాళ్లకూ వస్తోంది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనాకేంద్రం మొదలయ్యాయి. అక్కడ కొబ్బరితోట వాకిట్లోనే ఉన్నా బొండం తాగకూడని స్త్రీల అనుభవం పరిశోధన కాదా?

ఈ దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు, తీసుకునేవాళ్లలో ఎక్కువమంది పురుషులు. ఇవ్వడం మన ధర్మమైంది, భరించడం మన స్వభావమైంది. యంత్రాల చరిత్ర డాక్టర్లు రాసుకున్నారు. ఉడికించి వంపేసిన నీళ్ల చరిత్ర, రాత్రంతా గోకిన చేతుల చరిత్ర మనమే రాయాలి.