1952 తీర్పు – సామాజిక ప్రజాస్వామ్య తాత్విక మూలాలు

1952 తొలి సాధారణ ఎన్నికల్లో ఆదిలాబాదు నుండి సోషలిస్టు పార్టీకి చెందిన సి. మాధవరెడ్డి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ద్విసభ్య నియోజకవర్గమైన కరీంనగర్ నుండి పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరున పోటీచేసిన కమ్యూనిస్టు నాయకుడు బద్దం ఎల్లారెడ్డి, అంబేద్కర్ స్థాపించిన షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ అభ్యర్థి ఎం. ఆర్. కృష్ణ గెలిచారు. వెట్టిచాకిరి ఎరిగిన ఈ జిల్లాలు సమానత్వాన్ని కోరాయని మేము భావిస్తున్నాము. అయితే ఆ కోరికకు తాత్విక మూలం ఒక్కటి కాదు.

చరిత్ర గమనమే సామ్యవాదాన్ని తెచ్చితీరుతుందని మార్క్సు అనుయాయులు అనేకులు నమ్మారు. 1899లో జర్మన్ సోషలిస్టు బెర్న్‌స్టయిన్ ఆ నమ్మికను ప్రశ్నించి, కాంటు వైపు చూశాడు. మనిషిని కేవలం సాధనంగా వాడరాదన్నది కాంటు బోధ. ఓటు, కార్మిక సంఘం, చట్టం ద్వారా సమానత్వం సాధించాలనే సామాజిక ప్రజాస్వామ్య భావనకు ఇది నైతిక బలమిచ్చింది. 1959లో జర్మన్ సోషల్ డెమొక్రాట్లు తమ గోడెస్‌బర్గ్ ప్రణాళికలో క్రైస్తవ నీతిని, మానవతావాదాన్ని, ప్రాచీన తత్వశాస్త్రాన్ని తమ మూలాలుగా పేర్కొన్నారు. అంబేద్కరైతే స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాలను బుద్ధుని నుండి గ్రహించానని 1954లో చెప్పారు.

చట్టం ఓటును సమానం చేయగలదు, సహోదరత్వాన్ని పుట్టించలేదు. మనిషి దేవుని పోలిక అని బోధించే మన సంఘాల్లోనే కులం వరుసలు తీరితే, ఆ మూలంలో మన పేరుండి ప్రయోజనమేమి?