నెల తక్కువ బిడ్డ, తల్లి మనసు: గోదావరి డెల్టా నుంచి ఒక చారిత్రక పరిశీలన

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని మీరు చదివే ఉంటారు. అదే డెల్టాలో నెలలు నిండకుండా బిడ్డను కన్న తల్లి ఏ బాధ పడిందో మాత్రం రికార్డుల్లో దాదాపు కనిపించదు. 37 వారాలు నిండకముందు జరిగే కాన్పును వైద్యులు అకాల ప్రసవం అంటారు. దాని చరిత్రను ఒకే ప్రశ్నతో పరిశీలించండి: ఒక్కో కాలంలో ఆ తల్లిని ఎక్కడ ఉంచారు? బిడ్డ పక్కనా, తలుపు బయటా?

1. పురిటిగది

ఆసుపత్రులు అందుబాటులోకి రాకముందు కోనసీమ లంకల్లోనూ, పశ్చిమ డెల్టా గ్రామాల్లోనూ కాన్పులు మంత్రసానుల చేతుల మీదుగానే జరిగేవి. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వచ్చేది. గదిలో కుంపటి, సాంబ్రాణి ధూపం; బాలింతకు కాయం, పథ్యం. మైల పేరుతో ఆమెను ఇంట్లోవాళ్లకు దూరంగా ఉంచినా, బిడ్డ మాత్రం ఆమె పక్కలోనే ఉండేది.

అయితే దీన్ని ఆదర్శంగా భావించకండి. నెల తక్కువ బిడ్డల్లో చాలామంది దక్కేవారు కాదు. ఏడో నెల బిడ్డ బతుకుతుందనీ, ఎనిమిదో నెల బిడ్డ బతకదనీ నమ్మేవారు. ప్రాచీన గ్రీకు వైద్యంలోనూ ఇదే నమ్మకం ఉంది. నిజానికి గర్భంలో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. "బొప్పాయి తిన్నావా? గ్రహణం రోజు బయటికి వచ్చావా?" అన్న ప్రశ్నలు తల్లినే దోషిని చేసేవి. అధిక రక్తపోటు, ఇన్ఫెక్షన్, కవలలు వంటి కారణాలు ఉండవచ్చు. చాలాసార్లు ఏ కారణమూ తేలదు.

2. అద్దానికి అవతల

1880ల ఆరంభంలో పారిస్‌లో వైద్యుడు తార్నియే ఇంక్యుబేటర్‌ను వాడుకలోకి తెచ్చాడు. బిడ్డ సంరక్షణలో పాలు పంచుకోని తల్లులకు ఆ బిడ్డపై ఆసక్తి సన్నగిల్లుతోందని ఆయన శిష్యుడు బుదాఁ 1900లోనే తన గ్రంథంలో హెచ్చరించాడు. అయినా ఇన్ఫెక్షన్ భయంతో 20వ శతాబ్దపు ఆసుపత్రులు తల్లులను వార్డు బయటే ఉంచాయి.

మన దేశంలో స్త్రీలకు వైద్యం అందించేందుకు 1885లో డఫరిన్ నిధి ఏర్పడింది. రాజమండ్రిలో లూథరన్ మిషన్ స్త్రీల కోసం ఆసుపత్రి నడిపింది. కాకినాడలో 1958లో రంగరాయ వైద్య కళాశాల వచ్చింది. వీటి వల్ల ప్రాణాలు నిలిచాయి. కాని లంక గ్రామపు బాలింతకు కొత్త కష్టం ఎదురైంది. బిడ్డ పట్నంలో, తాను నదికి ఇవతల. యానాం–ఎదుర్లంక వంతెన పడేదాకా అక్కడ గౌతమిని పడవ మీదో, పంటు మీదో దాటవలసిందే. పాలు గడ్డకట్టిన రొమ్ములు, ఖాళీ ఉయ్యాల, వాయిదా పడిన బారసాల: ఈ దుఃఖాన్ని నమోదు చేసే గడి కేసు షీటులో లేదు.

3. తిరిగి గుండెల మీదకు

1970ల చివర కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డను తల్లి గుండెలకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతిని ప్రారంభించారు. భారత ప్రభుత్వం 2014లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీతో సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే తక్కువ బరువు శిశువుల మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని అది తేల్చింది. తల్లి అక్కడ సందర్శకురాలు కాదు, చికిత్సలో భాగం.

ఈ మూడు దశలను పోల్చి చూడండి. మొదటి దశలో స్పర్శ ఉంది, వైద్యం లేదు. రెండో దశలో వైద్యం ఉంది, స్పర్శ లేదు. రెండూ కలిసినప్పుడే బిడ్డకూ తల్లికీ మేలు జరుగుతోంది. అయినా తల్లి మనసును విడిగా పట్టించుకోవలసిందే. కాన్పయిన తొలి రోజుల్లో ఏడుపు రావడం సహజం. దిగులు, నిద్రలేమి, "అంతా నా వల్లే" అన్న భావన రెండు వారాలు దాటినా తగ్గకపోతే వైద్య సహాయం అవసరం. 2022లో మొదలైన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో తెలుగులోనూ లభిస్తుంది.

అభ్యాసం: మీ కుటుంబంలోనో, వీధిలోనో నెల తక్కువ బిడ్డను పెంచిన ఒక పెద్దావిడను, ఆమెకు ఇష్టమైతేనే, మాట్లాడించి రాయండి. "ఎందుకలా జరిగింది?" అని అడగవద్దు. ఆ ప్రశ్నను ఆమె ఇప్పటికే చాలాసార్లు విని ఉంటుంది. "అప్పుడు మీ పక్కన ఎవరున్నారమ్మా?" అని అడగండి.