ఐదుగురి పాట, ఒకరి పేరు

మద్యం కాలేయాన్ని పాడు చేస్తుందని చెబితే ఇప్పుడు ఎవరూ ఆశ్చర్యపోరు. అది ఒక మనిషి చేత తన పని మాన్పించి, ఆ ఖాళీలో పక్కవాడి అహం పెరగడానికి చోటు చేస్తుందనీ, పెరిగిన ఆ అహం మళ్లీ మొదటివాణ్ణి సీసా వైపే నెడుతుందనీ చెబితే మాత్రం చాలామంది సందేహిస్తారు. మా వైద్యవిద్యలో ఈ పాఠం లేదు. నాకు దీన్ని స్పష్టంగా చూపించింది ఒక సంగీత బృందం చరిత్ర. ఆ బృందం పేరు ‘ది బ్యాండ్’.

పేరులోనే వాళ్ల ఉద్దేశం తెలుస్తుంది. నాయకుడి పేరు లేదు, ఆడంబరమైన విశేషణం లేదు, ‘బృందం’ అంతే. అందులో నలుగురు కెనడా వాళ్లు: గిటారు వాయించి పాటలు రాసే రాబీ రాబర్ట్‌సన్, పియానో వాయిస్తూ పాడే రిచర్డ్ మాన్యుయెల్, బేస్ గిటారు వాయిస్తూ పాడే రిక్ డాంకో, ఆర్గన్ వాయించే గార్త్ హడ్సన్. ఐదోవాడు లీవాన్ హెల్మ్. అమెరికా దక్షిణాన ఆర్కాన్సా రాష్ట్రంలో పత్తి పండించే రైతు కుటుంబంలో పుట్టినవాడు. డ్రమ్స్ వాయిస్తూనే పాడేవాడు. ముగ్గురు గాయకులూ ఒకరి గొంతు చివర మరొకరు అందుకుంటూ పాడుతుంటే ఒకే ఇంటి మనుషులు మాట్లాడుకుంటున్నట్లు ఉంటుంది. పాటలు రాసిన రాబర్ట్‌సన్ మాత్రం దాదాపుగా పాడడు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

1961 చివరికి ఈ ఐదుగురూ రానీ హాకిన్స్ అనే గాయకుడి వెనుక వాయించే ‘హాక్స్’గా ఒకచోట చేరారు. హాకిన్స్ కఠినుడు, నియమం తప్పితే జరిమానా వేసేవాడు. హడ్సన్ శాస్త్రీయ సంగీతం నేర్చినవాడు. కొడుకు హోటళ్లలో రాక్ సంగీతం వాయించడం అతడి తల్లిదండ్రులకు నచ్చదు గనుక, పేరుకు అతణ్ణి సంగీత గురువుగా నియమించి, మిగతావారు వారానికి తలా పది డాలర్లు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. అందరూ నవ్వుకునే ముచ్చటే గాని, ఎవరి విద్యకు ఎంత విలువ అన్నది ముందే మాట్లాడుకుని తేల్చుకున్న సందర్భం ఈ బృందం చరిత్రలో నాకు కనిపించేది ఇదొక్కటే.

1964లో హాకిన్స్‌ను వదిలారు. మరుసటి ఏడాది బాబ్ డిలన్ వెంట వెళ్లారు. డిలన్ జానపద బాణీ విడిచి విద్యుత్ గిటారు పట్టాడని శ్రోతలు ఊరూరా ఈసడిస్తుంటే భరించలేక హెల్మ్ మధ్యలోనే వెళ్లిపోయి, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బావుల మీద కూలి పనికి కుదిరాడు. 1966 జులైలో డిలన్ మోటారు సైకిలు ప్రమాదానికి గురికావడంతో కచేరీలు ఆగాయి. 1967లో న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ దగ్గర ఒక గులాబీ రంగు ఇల్లు అద్దెకు తీసుకుని, దాని నేలమాళిగలో డిలన్‌తో కలిసి వందకు పైగా పాటలు రికార్డు చేసుకున్నారు. ఆ ఏడాది చివరకు హెల్మ్ తిరిగి వచ్చాడు. 1968 జులైలో వెలువడిన తొలి ఆల్బమ్‌కు ఆ ఇంటి పేరే పెట్టారు: ‘మ్యూజిక్ ఫ్రమ్ బిగ్ పింక్’.

ఇక్కడ నా పాత అలవాటు ఒకటి చెప్పాలి. తాగుడు వ్యాధితో వార్డులో చేరిన మనిషి వెంట తరచుగా రెండు పక్షాల బంధువులు వచ్చేవారు. “అన్నదమ్ములు పొలం రాయించుకున్నారు, ఆ దిగులుతోనే తాగుడు పట్టాడు” అని భార్య. “వీడు తాగి తగలేస్తాడనే పొలం మా పేరున రాయించుకున్నాం” అని అన్నదమ్ములు. ఇద్దరూ ప్రమాణం చేసి చెప్పేవారు, చాలాసార్లు ఇద్దరూ నిజమే చెప్పేవారు. నేను మాత్రం తేదీలు అడిగేవాణ్ణి. తాగుడు ఎప్పుడు మొదలైంది, రిజిస్ట్రేషన్ ఎప్పుడు జరిగింది?

ది బ్యాండ్ విషయంలో ఆ తేదీలు రికార్డు అట్టల మీదే అచ్చయి ఉన్నాయి. తొలి ఆల్బమ్‌లో 11 పాటలు. రాబర్ట్‌సన్ రాసినవి నాలుగు. మాన్యుయెల్ పేరున్నవీ నాలుగే. మూడు సొంతంగా, ఒకటి డిలన్‌తో కలిసి. 1969 సెప్టెంబరులో వచ్చిన రెండో ఆల్బమ్‌లో 12 పాటలు ఉంటే పన్నెండింటిలోనూ రాబర్ట్‌సన్ పేరుంది. మాన్యుయెల్ పేరు మూడింటిలో, అదీ రాబర్ట్‌సన్‌తో కలిపి. 1970 నాటి ‘స్టేజ్ ఫ్రైట్’లో రెండు. 1971 నాటి ‘కాహూట్స్’లో ఒక్కటీ లేదు. మంచం తలాపున వేలాడదీసే జ్వరపు పట్టిక ఎలా పడిపోతుందో ఈ వరుస అలా పడిపోయింది. మూడేళ్లలో ఒక మంచి గీతకర్త మూగవాడైపోయాడు. గొంతు ఉంది, వేళ్లు ఉన్నాయి, పాట రావడం ఆగిపోయింది.

ఆ మూడేళ్లలోనే కీర్తి వచ్చింది. 1969 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌లాండ్‌లో తొలి కచేరీ. ఆ రోజు రాబర్ట్‌సన్ జబ్బుపడి లేవలేకపోతే హిప్నాటిజం చేసేవాణ్ణి పిలిపించి అతణ్ణి వేదిక ఎక్కించారు! 1970 జనవరిలో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కారు. డబ్బూ వచ్చింది, కాని అది సమానంగా రాలేదు.

ఈ తేడా ఎలా వచ్చిందో కొంచెం వివరించాలి. రికార్డు అమ్మకాల మీద పాడిన, వాయించిన కళాకారులకు వచ్చే వాటా ఒకటి. పాట రాసినవారికి వచ్చే రాయల్టీ వేరొకటి. అమెరికాలో రేడియోలో పాట వేసినప్పుడు రుసుము గీతకర్తకు చెందుతుంది గాని, పాడినవారికీ వాయించినవారికీ కాదు. వేరే గాయకులు ఆ పాటను మళ్లీ పాడినా అంతే. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది రైతు గోడు చెప్పే ‘ద నైట్ దే డ్రోవ్ ఓల్డ్ డిక్సీ డౌన్’ను ది బ్యాండ్ కోసం పాడినవాడు హెల్మ్. 1971లో జోన్ బాయెజ్ అదే పాటను పాడితే అమెరికా జాబితాలో మూడో స్థానానికి చేరింది. గీతకర్తగా నమోదైనది రాబర్ట్‌సన్ ఒక్కడే. తన ఊరివాళ్ల చరిత్ర సరిగ్గా తెలుసుకోమని రాబర్ట్‌సన్‌ను గ్రంథాలయానికి తీసుకువెళ్లింది తానేనని హెల్మ్ తరువాత రాశాడు. ఆ పాటకు ప్రాణం హెల్మ్ గొంతే అని నేనూ ఒప్పుకుంటాను. కాని పాటకు ప్రాణం పోసినవాడికి చట్టంలో గడి లేదు. మాటా బాణీ కట్టినవాడికే ఉంది.

రాబర్ట్‌సన్ వాదన కూడా వినాలి. 2016లో వచ్చిన అతడి ఆత్మకథ ప్రకారం, మిగతావారు మత్తులో పడి ఉంటే రోజూ కూర్చుని రాసినవాడు తానొక్కడే. మాన్యుయెల్‌ను రాయమని ఎంతో ప్రోత్సహించాడు, ఫలితం లేకపోయింది. మాన్యుయెల్‌కు తాగుడు కుర్రతనం నుంచీ ఉంది. తరువాత వుడ్‌స్టాక్‌కు హెరాయిన్ వచ్చింది. ముగ్గురు గాయకులూ దాని రుచి చూశారు. కార్లు తాగి నడిపేవారు, గుద్దేవారు. 1968లోనే డాంకో కారు ప్రమాదంలో మెడ ఎముక విరగ్గొట్టుకోవడంతో తొలి ఆల్బమ్ వచ్చాక నెలల తరబడి కచేరీలు చేయలేకపోయారు. రాబర్ట్‌సన్ కూడా కడిగిన ముత్యమేమీ కాదు. అతడి కొకైన్ రోజులు తరువాత వచ్చాయి.

తేదీలు చూసిన వైద్యుడిగా నా అభిప్రాయం ఇది. తాగుడే ముందు. మాన్యుయెల్ మౌనానికి రాబర్ట్‌సన్ కారకుడు కాడు. అయితే ఆ మౌనం రాబర్ట్‌సన్‌కు నష్టమూ కలిగించలేదు. ఖాళీ అయిన చోటు తనదైంది, దానితో పేరు, దానితో ఆదాయం, ఆపైన ‘ఈ బృందాన్ని నడిపేది నేనే’ అన్న భావం. ఆ భావం అబద్ధమూ కాదు. అహం ఎప్పుడూ అబద్ధం మీద నిలబడదు. సగం నిజం మీద నిలబడుతుంది కాబట్టే కదల్చలేము. ఇక మాన్యుయెల్ వైపు నుంచి చూడండి. ప్రతి కొత్త ఆల్బమ్ అట్ట అతడికి తన అసమర్థతను చదివి వినిపించేది. తాగుడు మనిషిలో దిగులును పెంచుతుంది, దిగులు తాగుడును పెంచుతుంది. ఉదయం చేతుల వణుకు తగ్గడానికి తాగేవాడు సాయంత్రం పియానో ముందు కూర్చుని కొత్త బాణీ ఎలా వెతకగలడు?

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1956లోనే మద్యవ్యసనాన్ని వ్యాధిగా గుర్తించింది. అయినా పదిహేనేళ్ల తరువాత కూడా రాక్ సంగీతకారుల మధ్య అది వ్యాధి కాదు, సరదా. కొంచెం మితిమీరితే అల్లరి. డాంకో మెడ విరిగితే వైద్యం చేయించారు. మాన్యుయెల్ పాట ఆగిపోతే అది వైద్యానికి సంబంధించిన విషయమని ఎవరికీ తోచలేదు.

1973లో పాత పాటలనే మళ్లీ పాడి ‘మూన్‌డాగ్ మాటినే’ విడుదల చేశారు. కొత్త పాటలున్న ఆల్బమ్ మళ్లీ 1975లో గాని రాలేదు. అందులోని ఎనిమిదీ రాబర్ట్‌సన్‌వే. 1976 సెప్టెంబరులో టెక్సస్‌లో పడవ ప్రమాదంలో మాన్యుయెల్ మెడకు దెబ్బ తగిలి కచేరీలు రద్దయ్యాయి. ఊళ్లు తిరగడం ఇక చాలు, లేకపోతే ఎవరో ఒకరు చస్తారని రాబర్ట్‌సన్ నిశ్చయించుకున్నాడు. భయం నిజమైనదే. కాని ఐదుగురి బతుకుదెరువును ఒకరు నిర్ణయించారన్నది హెల్మ్ బాధ. అతడికి ఆపాలని లేదు. పాటల రాయల్టీ ఉన్నవాడు కచేరీలు మానేసినా బతుకుతాడు. లేనివాడికి కచేరీయే కూలి.

1976 నవంబరు 25న అదే వింటర్‌లాండ్‌లో వీడ్కోలు కచేరీ ‘ద లాస్ట్ వాల్ట్జ్’ జరిగింది. థాంక్స్‌గివింగ్ పండుగ రోజు. దాదాపు 5,000 మంది శ్రోతలకు విందు పెట్టారు. డిలన్, మడ్డీ వాటర్స్, జోనీ మిచెల్, నీల్ యంగ్ వంటివారు వచ్చి పాడారు. మార్టిన్ స్కార్సేసీ దాన్ని సినిమాగా తీసి 1978లో విడుదల చేశాడు. గొప్ప చిత్రమే. కాని నీల్ యంగ్ ముక్కు కింద కొకైన్ తెల్లగా కనబడుతుంటే తరువాత ఫిల్ము మీద దాన్ని చెరిపించాల్సి వచ్చింది. అందులో కెమెరా ఎక్కువగా చూసేది రాబర్ట్‌సన్‌నే. మాన్యుయెల్ కనబడేది తక్కువ, కనబడినప్పుడు ఆ గొంతు బొంగురుపోయి ఉంటుంది. ఊళ్లు తిరగడం మానినా కలిసి రికార్డులు చేద్దామనుకున్నారు. అదీ ఎంతోకాలం సాగలేదు.

1983లో రాబర్ట్‌సన్ లేకుండా మిగిలిన నలుగురూ మళ్లీ కలిశారు. మాన్యుయెల్ మధ్యలో కొన్నేళ్లు మద్యం పూర్తిగా మానేశాడు. తరువాత మళ్లీ జారిపోయాడు. ఒకప్పుడు పెద్ద పెద్ద మైదానాల్లో పాడినవారు ఇప్పుడు చిన్న హోటళ్లలో పాడుతున్నారు. 1986 మార్చి 4 తెల్లవారుజామున, ఫ్లోరిడాలోని వింటర్ పార్క్‌లో కచేరీ ముగిశాక, మోటెల్ గదిలో మాన్యుయెల్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. వయసు 42. రక్తంలో మద్యం, కొకైన్ ఉన్నాయి. ఈ రెండూ ఒంట్లో కలిస్తే కాలేయంలో కొకాఇథిలీన్ అనే మరో పదార్థం తయారవుతుంది. అది కొకైన్‌కన్నా ఎక్కువసేపు ఉండి గుండెకు ఎక్కువ చేటు చేస్తుంది. వాటి మత్తు దిగే వేళ మనసు లోతుల్లోకి కుంగిపోతుంది.

ఆ రాత్రి కచేరీ అయ్యాక మాన్యుయెల్ హడ్సన్ దగ్గరికి వెళ్లి, పాతికేళ్ల మంచి సంగీతానికి కృతజ్ఞతలు చెప్పాడట. దిగులులో, తాగుడులో ఉన్న మనిషి సందర్భం లేకుండా ఇలా లెక్కలు ముగించినట్లు మాట్లాడితే ఆ రాత్రి అతణ్ణి ఒంటరిగా వదలకూడదు. ఇది మాకు పుస్తకాల్లో ఉంది. తోటి సంగీతకారులకు ఎవరు చెబుతారు? మన దగ్గరైతే 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ వారు తెలుగులో మాట్లాడతారు; ఆ నంబరు ఇంట్లో రాసి పెట్టుకోండి.

మిగిలిన సంగతులు త్వరగా చెబుతాను. 1993లో హెల్మ్ తన ఆత్మకథలో రాబర్ట్‌సన్ మీద ఆరోపణలన్నీ బహిరంగంగా పెట్టాడు. మరుసటి ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో బృందానికి సత్కారం జరిగితే, రాబర్ట్‌సన్ పక్కన నిలబడటం ఇష్టంలేక వెళ్లలేదు. డాంకో 1997లో హెరాయిన్ కేసులో జపాన్‌లో పట్టుబడ్డాడు; 1999 డిసెంబరు 10న నిద్రలోనే గుండె ఆగి పోయాడు. హెల్మ్ పొగ ఎక్కువగా తాగేవాడు. 1998లో గొంతు క్యాన్సర్ బయటపడింది. 28 సార్లు రేడియేషన్ ఇచ్చారు. మాట కూడా పోయిన ఆ గొంతు కొన్నేళ్లకు నెమ్మదిగా తిరిగి వచ్చింది. ఆసుపత్రి బిల్లులు తీర్చడానికి వుడ్‌స్టాక్‌లోని తన కొట్టంలోనే శనివారం రాత్రుల్లో కచేరీలు పెట్టాడు, మూడు గ్రామీ బహుమతులు గెలుచుకున్నాడు. ఈ కథలో నాకు ఊరటనిచ్చే భాగం అదొక్కటే.

2012 ఏప్రిల్‌లో హెల్మ్ న్యూయార్క్ ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఉండగా రాబర్ట్‌సన్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. అప్పటికి హెల్మ్‌కు స్పృహ లేదు. ఏప్రిల్ 19న పోయాడు. రాబర్ట్‌సన్ 2023 ఆగస్టులో వెళ్లిపోయాడు. తలా పది డాలర్లకు గురువుగా కుదిరిన గార్త్ హడ్సన్ పేరు ఈ తగాదాల్లో దేనిలోనూ పెద్దగా వినబడదు. అతడు వుడ్‌స్టాక్‌లోని ఒక వృద్ధుల సంరక్షణాలయంలో 2025 జనవరి 21న, 87 ఏళ్ల వయసులో, నిద్రలోనే కన్నుమూశాడు.